మార్గశిర గురువారం, నీలం మాత్ర

మా హైస్కూలు కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లెలో, వరి మళ్ళ మధ్య ఉంది. నేను టీచరుగా చేరిన ఏడాదే పిల్లల ఆరోగ్య కార్యక్రమాలు నాకు అప్పగించారు. కొత్తగా వచ్చినవాళ్ళు కాదనలేరు. అందులోనూ నేను నోరు విప్పి కాదనే మనిషిని కాను. మండల కేంద్రంలో ఒక పూట శిక్షణ ఇచ్చి, నీలం రంగు ఐరన్ మాత్రలు చేతికిచ్చి పంపారు. ప్రతి గురువారం మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు మా కళ్ళముందే మింగాలి. వినడానికి అంతే.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చేసరికి గోడ పట్టుకుని ఆగిపోయేది. ఊరి నర్సు ఆమె కింది కనురెప్ప లాగి చూసి, లోపల పాలిపోయి ఉందని, ఈ పిల్లకి ఒక్క వారం కూడా మాత్ర తప్పకూడదని నాకు విడిగా చెప్పింది. అప్పటినుంచి గురువారం నా కళ్ళు ముందుగా ఆమెనే వెతికేవి.

మార్గశిరం వచ్చింది. మా వైపు ఆ నెలలో గురువారాలు లక్ష్మీదేవివి. బుధవారం సాయంత్రమే ఇల్లు కడిగి, గుమ్మం నుంచి దేవుడి మూల దాకా బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు వేస్తారు. మర్నాడు సాయంత్రం పూజయ్యేదాకా చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు అన్నం ముట్టరు. మా అమ్మా అంతే. ఇది బడిలో అందరికీ తెలిసిందే. అయినా బడి గేటు దాటి లోపలికి వచ్చాక ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ గురువారం అందరూ తిన్నారా అని అడిగితే, తిన్నామని తరగతంతా ఒక్క గొంతుతో అంది. ఆ అమ్మాయీ అంది. మాత్ర మింగిన కాసేపటికి కడుపు పట్టుకుని వరండా చివర వాంతి చేసుకుంది. ఆమెను చూసి మరో ఇద్దరు. పడుకోబెట్టడానికి మా దగ్గర మంచం లేదు. సైన్సు గదిలో బల్లలు జరిపి కలిపాం. నీళ్ళ ఫిల్టరు ఎప్పుడో పాడైంది కనుక వంటావిడ నీళ్ళు కాచి తెచ్చింది. నర్సు వచ్చి భయం లేదంది. కానీ చీకటి పడకముందే, బడిలో మాత్రలు వికటించాయని ఊరంతా పాకిపోయింది. మర్నాడు ఆ అమ్మాయి వచ్చి, ఇక మాత్ర వద్దని వాళ్ళమ్మ చెప్పమందని చెప్పింది.

తర్వాతి బుధవారం బడి వదిలాక వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి గుమ్మంలో కూర్చుని పిండితో పాదాలు వేస్తోంది.

"ఆ మాత్ర ఇంక నా గుంట నోట్లో పడదు పంతులమ్మా," అంది తలెత్తకుండానే. "ఒంట్లో రగతం లేదని మీరే అంతారు. ఉన్నది కూడా కక్కించేసినారు."

ఆ గురువారం పిల్ల ఏం తిందని అడిగాను.

ఆమె చెయ్యి ఆగింది. "ఏటి తింతాది? నాతోపాటు ఉపాసం. ఈ ఏడే పట్టింది."

తలుపు వెనక నిలబడ్డ అమ్మాయి, అందరూ తిన్నామన్నారని తనూ అన్నానని మెల్లగా చెప్పింది. ఖాళీ కడుపున వేసుకుంటే ఆ మాత్ర అలాగే తిప్పుతుందని తల్లికి చెప్పాను.

"అయితే ఉపాసం మానీమంతావా?"

"వద్దండీ. మాత్ర రోజు మారుస్తాం," అన్నాను. ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు.

మర్నాడు పొద్దున్నే ప్రధానోపాధ్యాయుడి గదికి వెళ్ళి, మాత్ర రోజు మార్చమని అడిగాను. గురువారమని పైనుంచి ఆదేశం వచ్చిందని, సాయంత్రానికల్లా ఎందరు మింగారో ఫోనులో ఎక్కించాలని, అది మన చేతిలో లేదని ఆయన అన్నారు. మామూలుగా అయితే నేను అక్కడితో వచ్చేసేదాన్ని. ఆ రోజు రాలేదు. ఇవాళ మీ ఇంట్లో ఎవరు తిన్నారు సార్ అని అడిగాను.

ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్ తీసి పక్కన పెట్టారు.

"మా ఆవిడ బీపీ మాత్ర కూడా పూజయ్యాకే ఏసుకుంతాది," అన్నారు. "ఈ నెలకి శుక్రవారం ఇయ్యమ్మా. పైవాళ్ళకి నేను సెప్పుకుంతాను."

పిల్లతో పంపిన కబురు అంది, శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ తల్లి బడికి వచ్చింది. కిందటిసారి భయంతో తరగతిలో సగం మంది మాత్ర తీసుకోలేదు. ఆ తల్లి మాత్రం కూతురు పప్పన్నం తినడం దగ్గరుండి చూసింది. మాత్ర మింగాక నోరు తెరవమని చూసింది. తర్వాత వెళ్ళిపోలేదు. వరండాలో స్తంభానికి ఆనుకుని, తరగతి గుమ్మం మీంచి చూపు తిప్పకుండా కూర్చుంది. నేను పాఠం చెబుతున్నానే గాని, నా ప్రాణమంతా మూడో వరసలో కూర్చున్న ఆ పిల్ల మొహం మీదే ఉంది.

ఆఖరి గంట కొట్టారు. అమ్మాయి సంచీ తగిలించుకుని తన కాళ్ళ మీద తాను నడిచి బయటికి వచ్చింది. తల్లి ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసి, నా వైపు తిరిగింది.

"వచ్చే సుక్రారం నాకు కళ్ళంలో నూర్పు పనున్నాది. రాలేను," అంది. "నువ్వే సూసుకో."

ఇద్దరూ గట్టు మీద నడిచి వెళ్ళారు. ఒక మాత్రతో రక్తం పట్టదు. సగం దారిలో పిల్ల ఆయాసానికి ఆగింది, తల్లి కూడా ఆగింది. వాళ్ళు మళ్ళీ నడక మొదలుపెట్టేదాకా నేను వరండాలోనే నిలబడ్డాను.