రూతమ్మ టీచర్ చెప్పిన జకార్తా

చేవెళ్ళలో నేను పనిచేసే బడిలో ఏ పోటీ జరిగినా ముందురోజు మైదానంలో గీతలు గీయడం నా పని. వాన వెలిసి ఇంకా ఆరీ ఆరని ఎర్రమట్టి మీద పొడిసున్నం పడగానే ఒక ఘాటైన వాసన లేస్తుంది. మొన్న గోలు ముందరి గీత గీస్తూ వంగినప్పుడు ఆ వాసన ముక్కుకెక్కి తుమ్ము వచ్చింది. మరుక్షణం "గీత వంకర పోయింది బిడ్డా, మళ్ళ గియ్యి" అని ఎవరో అన్నట్టయి వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. గీత మాత్రం నిజంగానే వంకరగా ఉంది. కాలితో చెరిపి మళ్ళీ గీశాను. ఆ గొంతు రూతమ్మ టీచర్‌ది. మొయినాబాద్‌లో నేను చదువుకున్న బడిలో ఆమె మాకు ఆటల టీచర్. ఊరు సురంగల్. పొట్టి మనిషి, చీర కొంగు నడుముకు బిగించి, కాన్వాస్ బూట్లు వేసుకుని వచ్చేది. నేను ఇవాళ ఈ పనిలో ఉన్నానంటే ఆమె వల్లే.

ఆమె నన్ను ఎంచుకున్నది మైదానంలో కాదు, రోడ్డు మీద. మాది హిమాయత్‌నగర్, పట్నంలోది కాదు, మొయినాబాద్ పక్క పల్లె. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఒకరోజు పొద్దున షేర్ ఆటో నన్ను ఎక్కించుకోకుండానే కదిలిపోయింది. ఆలస్యమైతే బయట నిలబెడతారన్న భయంతో సంచి చంకన పెట్టుకుని దాని వెనక పరుగెత్తాను. మలుపు దగ్గర గేదెలు అడ్డం వచ్చి ఆటో ఆగేసరికి నేను దాని వెనక కడ్డీ పట్టుకున్నాను. వెనక సీట్లో కూర్చున్న రూతమ్మ టీచర్ జరిగి చోటిచ్చింది. నా ఆయాసం తగ్గాక అడిగింది.

"పేరేంది బిడ్డా?"

"మంజుల, టీచర్."

"గేదెలు రాకున్నా పట్టుకుంటుంటివా ఆటోను?"

కొంచెం ఆలోచించి, "పట్టుకుంటుంటి" అన్నాను.

"అయితే సాయంత్రం గ్రౌండుకు రా."

మా బడికి ఉన్నది ఒకటే ఫుట్‌బాల్. దాని మీద తోలు ఊడిపోయి, గాలి నింపితే ఒక పక్కకు ఉబ్బేది. పద్నాలుగు మంది ఆడపిల్లలం. సగం మంది ఇళ్ళల్లో పూలతోటల పనికి పోయేవాళ్ళు, మిగతా వాళ్ళు టమాట, క్యారెట్ పండించేవాళ్ళు. బూట్లు ఎవరికీ లేవు. అలిసిపోయి గోడ నీడలో కూలబడ్డప్పుడు టీచర్ పుల్లతో మట్టిలో పటం గీసేది. ఇక్కడ లండన్, ఇక్కడ మెల్బోర్న్, ఇక్కడ జకార్తా. భారత ఫుట్‌బాల్ జట్టు ఏ దేశంలో ఎవరితో ఆడిందో, ఎట్లా గెలిచిందో, ఎట్లా ఓడిందో చెప్పేది. ఆమె నాన్న హైదరాబాదులో ఒక ఆటస్థలానికి మాలి. ఆయన రేడియోలో విన్నదీ, ఆటగాళ్ళ నోట విన్నదీ కూతురికి చెప్పాడు. ఆమె మాకు చెప్పింది. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళలో చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారంటే, మేమందరం ఒక్కసారే మా పాదాలు చూసుకున్నాం.

"గెలిచిన్రా టీచర్?" అని అడిగింది మా గోల్‌కీపర్ యాదమ్మ.

"ఓడిన్రు. ఫ్రాన్స్ మీద రెండు–ఒకటి. మనకు రెండు పెనాల్టీలు దొరికినయి. రెండూ పోగొట్టుకున్నరు."

"మరి ఓడింది ఎందుకు చెప్తున్నరు?"

"ఓడింది దాచిపెట్టి గెలిచింది ఒక్కటే చెప్తే అది చరిత్ర కాదు, పెండ్లిపత్రిక."

మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. లండన్ అయిన రెండేళ్ళకు బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచకప్పు సంగతి వచ్చినప్పుడైతే ఆమె గొంతు మారిపోయేది. ఆ పోటీలో ఆడే అవకాశం మన జట్టుకు దొరికింది. కానీ జట్టు వెళ్ళలేదు. "బూట్లు లేవని రానియ్యలేదంటరు. నమ్మకున్రి. పెద్ద పోటీ ఏదో, చిన్న పోటీ ఏదో మనోళ్ళకే తెల్వలేదు. పిలుపొచ్చింది, పోలేదు. మళ్ళ ఇప్పటిదాంక రాలేదు," అని పుల్లను పక్కన పడేసేది. ఆ తర్వాత కాసేపటికి తనే మళ్ళీ పుల్ల తీసుకుని మెల్బోర్న్ దగ్గర చుక్క పెట్టేది. ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే నాలుగు–రెండుతో ఓడించి, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న జట్టు అది. ఆ జట్లలో హైదరాబాద్ గల్లీల్లో ఆడి పెరిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేది. మొయినాబాద్ నుంచి హైదరాబాద్ ఎంత దూరమో మాకు తెలుసు. కాబట్టి మెల్బోర్న్ కూడా మరీ అంత దూరం కాదనిపించేది.

అన్నింటికన్నా మేము పదే పదే అడిగి చెప్పించుకున్నది జకార్తా కథ. ఆసియా క్రీడల్లో మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓడిపోయింది. అక్కడి నుంచి లేచి, ఒక్కొక్కరినీ గెలుచుకుంటూ ఫైనల్‌కు వచ్చింది. ఫైనల్‌లో ఎదురుగా ఉన్నది మళ్ళీ అదే కొరియా. ఆటతో సంబంధం లేని ఏదో గొడవ వల్ల స్టేడియం నిండా జనం మనవాళ్ళను వెక్కిరిస్తున్నారు. తలకు గాయమై కుట్లు పడ్డ మన డిఫెండర్‌ను గురువు ముందు వరుసలోకి పంపాడు. అతను గోల్ కొట్టాడు. రెండు–ఒకటితో బంగారు పతకం. టీచర్ ఇది చెప్తున్నంతసేపూ ఎవరూ మంచినీళ్ళకు కూడా లేచేవాళ్ళు కాదు.

తొమ్మిదో తరగతిలో మేం జిల్లా ఫైనల్‌కు వచ్చాం. ఎదుటి జట్టు పట్నం పక్కన ఒక పెద్ద బడి. ఒకే రంగు మేజోళ్ళు, మెరిసే బూట్లు, ఇద్దరు కోచ్‌లు. మాకు టీచర్ ఎక్కడెక్కడో అడిగి తెచ్చిన పాత బూట్లు. నావి పెద్దవైతే ముందు దూది కుక్కుకున్నాను. సగం ఆటకు మేం రెండు గోల్స్ వెనకబడ్డాం. పైగా మా ఫార్వర్డ్ సునీత కాలు మడతపడి కూర్చుండిపోయింది. అందరం తలలు వంచుకుని నిలబడ్డాం. టీచర్ తిట్టలేదు. సునీత చీలమండకు తడిగుడ్డ చుడుతూ, తల ఎత్తకుండానే అంది.

"మంజులా, నువ్వు ముంగటికి పో."

"నేను డిఫెండర్ని టీచర్. నాకు గోల్ కొట్టుడు రాదు."

"జకార్తాల ఆయనకు మాత్రం వచ్చా? పోయి నిలబడు. బాల్ వస్తే వెనుకకు చూడకు."

యాదమ్మ వెంటనే, "ఈమెకు కుట్లు పడలే కద టీచర్" అంది. ఏడుపు మొహాలతో ఉన్న పదకొండు మందిమీ ఫక్కున నవ్వాం. ఆ నవ్వుతోనే మైదానంలోకి వెళ్ళాం. మొదటి గోల్ మా ఎడమ పక్క నుంచి లక్ష్మి కొట్టింది. రెండోది వాళ్ళ కాలికే తగిలి లోపలికి పోయింది. ఆట ముగిసే ముందు కార్నర్ నుంచి వచ్చిన బంతి నా నుదుటికి తగిలింది. నేను కొట్టానో, అదే వచ్చి తగిలిందో ఇప్పటికీ చెప్పలేను. కళ్ళు తెరిచేసరికి వల ఊగుతోంది. మూడు–రెండు. అందరూ నా మీద పడ్డారు. వాళ్ళ కింద నుంచి చూస్తే గీత అవతల రూతమ్మ టీచర్ కాన్వాస్ బూట్లు కనిపించాయి. అవి గెంతుతున్నాయి. యాభైకి దగ్గరపడ్డ మనిషి అట్లా గెంతడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ ఆట చూసి నన్ను రాష్ట్ర జట్టు శిబిరానికి పిలిచారు. ఉత్తరం చేతికి ఇచ్చినప్పుడు టీచర్ కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు మాత్రం భయమేసింది. అక్కడ ఇంగ్లీషు మాట్లాడే పిల్లలుంటారు, తెలియని మంచం మీద పడుకోవాలి, నా గోల్ గాలివాటమని తెలిసిపోతుంది. రెండు రోజులు ఆలోచించి, "మా బాపు వద్దన్నడు టీచర్" అని చెప్పాను. ఆదివారం చర్చి అయిపోగానే ఆమె ఆటో ఎక్కి నేరుగా మా ఇంటికి వచ్చింది. బాపు గులాబీ తోటలో ఉన్నాడు. అక్కడికే నడిచింది.

"మీరు పిల్లను పంపుతలేరట. ఎందుకో చెప్పున్రి" అంది.

బాపు చేతిలో కత్తెర పట్టుకుని నన్ను చూశాడు, ఆమెను చూశాడు. "నేనెప్పుడు వద్దన్న టీచరమ్మ? అది నాకు చెప్పనే లేదు."

భూమి చీలితే బాగుండుననిపించింది. టీచర్ నన్ను కోప్పడుతుందనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని తోట గట్టు మీద కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది.

"ఆడపిల్లల ఇండియా జట్టు రెండుసార్లు ఆసియా ఫైనల్ దాంక పోయింది. నీకు చెప్పిన్నా?"

"లేదు టీచర్." నిజమే. ఇన్ని కథలు చెప్పిన మనిషి ఆ ఒక్కటి మాకు చెప్పలేదు.

"మొదటిసారి పోయినప్పుడు సెలక్షన్ క్యాంపుకు నాకూ ఉత్తరమొచ్చింది. మా నాయన వద్దనలే. ఎవ్వరూ వద్దనలే. నేనే భయపడ్డ. ఉత్తరం బైబిల్ల పెట్టి, రాలేదని చెప్పిన. పోయినా నన్ను తీసుకుంటుండిరో లేదో తెల్వదు. తెల్వకపోవుడే నన్ను తింటది బిడ్డా. ఓడితే తెలుస్తది. పోకుంటే ఎన్నటికీ తెల్వదు."

బ్రెజిల్ సంగతి చెప్పేటప్పుడు ఆమె పుల్ల ఎందుకు పారేసేదో అప్పుడు అర్థమైంది. మర్నాడు శిబిరానికి వెళ్ళాను. మూడేళ్ళు రాష్ట్రానికి ఆడాను. దేశానికి ఆడే స్థాయి నాది కాదని కూడా అక్కడే, ఆడి తెలుసుకున్నాను. ఆ తెలుసుకోవడంలో బాధ లేదు. డిగ్రీ తర్వాత వ్యాయామ విద్య చదివి, ఉద్యోగం తెచ్చుకుని, మొదటి రోజు ఆమె దగ్గరికే వెళ్ళి చెప్పాను. "బాల్స్ ఎన్ని ఉన్నయి మీ బడిల?" అని అడిగింది. ఆరు అన్నాను. ఆమె ఆ అంకెను రెండుసార్లు తనలో తాను అనుకుంది.

మన ఆడపిల్లల జట్టు ఆసియా కప్పులో చోటు కోసం థాయిలాండ్‌లో ఆఖరి ఆట ఆడిన సాయంత్రం నేను సురంగల్‌లో ఆమె ఇంట్లో ఉన్నాను. ఆమె ఉద్యోగం విరమించి చాలాకాలమైంది. మోకాళ్ళు పట్టేసి కర్రతో నడుస్తోంది. నా ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి ఇద్దరం చూశాం. మనవాళ్ళు ఒక గోల్ వేశారు. సగం ఆట అయ్యీ కాగానే వాళ్ళు సమం చేశారు. టీచర్ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో తిట్టో తెలియలేదు. మొదటి గోల్ కొట్టిన అమ్మాయే రెండోదీ కొట్టింది. చివరి విజిల్ మోగేసరికి ఆమె కర్ర పట్టుకోకుండానే లేచి నిలబడి ఉంది. టీచర్ కాలంలో లేని క్వాలిఫయింగ్ ఆటలు ఆడి గెలిచి మన అమ్మాయిలు ఆసియా కప్పుకు వెళ్ళడం అదే మొదటిసారి. తెర మీద వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తుంటే టీచర్ మెల్లగా, "పోతున్నరు. ఈ పిల్లలు పోతున్నరు" అంది. తర్వాత నా వీపు మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది.

మరుసటి వారం ఆమెను ఆటోలో మా బడికి తీసుకొచ్చాను. ఇరవై మంది పిల్లలు చుట్టూ కూర్చున్నారు. కుర్చీలో కూర్చుని, కర్రతోనే మట్టిలో పటం గీసింది. లండన్, మెల్బోర్న్, జకార్తా. పెనాల్టీలు పోగొట్టుకున్నదీ చెప్పింది, బ్రెజిల్‌కు పోనిదీ చెప్పింది. ఈసారి తన ఉత్తరం సంగతి కూడా ఏదీ దాచకుండా చెప్పింది. పిల్లలు కదలకుండా విన్నారు. ఒకమ్మాయి, "తర్వాత ఏమైంది టీచర్?" అని అడిగింది. రూతమ్మ టీచర్ నా వైపు తిరిగి, కర్ర నా చేతికి ఇచ్చింది.

"తర్వాత సంగతి ఈమెకు తెలుసు. చెప్పు బిడ్డా, ఎక్కడా దాచకు."

నేను వంగి, జకార్తాకు పైన, థాయిలాండ్ ఉండే చోట ఒక చుక్క పెట్టాను. ఆ రోజు నుంచి, కొత్తగా వచ్చే పిల్లలకు లండన్ మొదలు ఆ చుక్క దాకా అంతా చెప్తూనే ఉన్నాను.