మా బిడ్డ ఆపిన రైల్లో ఇరవై నిమిషాలు

మా బిడ్డ స్వాతి స్టేషన్ మాస్టర్ అయిందండీ! తాండూరు దారిలో ఒక చిన్న స్టేషన్. నిన్న మొదటిసారి ఒంటరిగా డ్యూటీ చేసింది. "గా ఒక్క రోజు మంచిగ దాటనీ నాయినా, గప్పటిదాంక ఎవ్వరికి చెప్పకు" అని నా దగ్గర మాట తీసుకుంది. గొర్రెలు కాసుకునేవాణ్ని, ఇంత సంతోషాన్ని కడుపులో దాచుకోవడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. ఆమెకు కూడా చెప్పకుండా, చూసి వద్దామని బయలుదేరాను.

పూడూరు నుంచి షేర్ ఆటోలో వికారాబాద్ చేరేసరికి తొమ్మిదైంది. ప్యాసింజర్‌కు పది రూపాయల టికెట్ తీసుకున్నాను. కిటికీ పక్కనే చోటు దొరికింది. అడవి దాటాక రెండు పక్కలా కంది చేలు, నిండా పసుపు పూత. ఇంకాసేపట్లో బిడ్డ స్టేషన్ వస్తుందనగా రైలు ఆగిపోయింది. ముందర ఎర్ర సిగ్నల్ అన్నారు.

పది నిమిషాలైంది, ఇరవై అయింది. నా ఎదురుగా కూర్చున్న బండలు పరిచే మేస్త్రీకి తాండూరులో పని ఆలస్యమవుతోంది. "కొత్త మేడమ్ వచ్చిందంట. ఏ బటన్ నొక్కాల్నో యాది మర్చినట్టున్నది" అన్నాడు. పెట్టెలో అందరూ నవ్వారు. మాట ఇచ్చాను కదా, ఆమె తండ్రినని చెప్పలేను. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. అతను అన్నదే నిజమైతే?

అప్పుడు మా గంట మేక గుర్తొచ్చింది. మందకు ముందు నడిచేది అదే. వాగు దగ్గర అది ఆగిపోతే నేను కొట్టను, దానికి ఏం కనబడిందో పోయి చూస్తాను. "ఏదో చూసే ఆపి ఉంటది. జర ఓపిక పట్టు తమ్మీ" అన్నాను. కాసేపటికి పచ్చ సిగ్నల్ పడి రైలు కదిలింది.

బిడ్డ స్టేషన్‌లో దిగేసరికి పచ్చ జెండా పట్టుకుని స్వాతి! నన్ను చూసింది కానీ, రైలు వెళ్లిపోయేదాకా పలకరించలేదు. తర్వాత సంగతి చెప్పింది. పట్టాలు మారే చోట సందులో కంకర రాయి ఇరుక్కుందట. పట్టా సరిగ్గా అతుక్కోకపోతే బటన్ ఎన్నిసార్లు నొక్కినా పచ్చ సిగ్నల్ పడదట. ఫోన్ మీద ఫోన్ వస్తున్నా తొందరపడకుండా, మనిషిని పంపి రాయి తీయించి, అంతా సరిగ్గా ఉందని తెలిశాకే రైలును రానిచ్చింది.

"సిగ్నల్ నా మాట గూడ వినదు నాయినా. ఏదో అడ్డమున్నదని అదే చెప్పింది. నేను దాని మాట విన్న, గంతే."

సాయంత్రం ఇద్దరం తాండూరు వెళ్లి కందిపప్పు కొన్నాం, హోటల్లో కడుపునిండా తిన్నాం. ఇన్నేళ్లూ రైలును నడిపేది ఇంజనే అనుకున్నాను. పిడికిలంత రాయి కూడా ఆపగలదు, స్తంభం మీది దీపం కూడా కాపాడగలదు. వాటి మధ్య కూర్చుని ఎప్పుడు ఎవరి మాట వినాలో తెలిసిన మనిషి నా బిడ్డ! ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. తాండూరులో పనుంటే ఒక రైలు ముందే ఎక్కండి, తాగే నీళ్లు వెంట ఉంచుకోండి, దారిలో ఆగితే ఎవరినీ తిట్టకండి.

నా మాట నిలబెట్టుకున్నాను. ఇక చెప్పాల్సినవాళ్లు: దోమలో మా అక్క, బషీరాబాద్‌లో పెద్దల్లుడు, అతని తల్లి, పూడూరులో మా తమ్ముళ్లిద్దరూ, ఆడపిల్లకు రైళ్ల పనెందుకన్న మా బావమరిది (ఆయనకు రెండుసార్లు). గంట మేకకు ఇవాళ పొద్దున్నే నేనే చెప్పేశాను.