బంతి ఇచ్చినోని దగ్గరికి

మొన్న ఆదివారం పొద్దున అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ పోయిండు. చాయ్ తాగుకుంటనే పక్కకు ఒరిగిండు. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అంది. గోదావరిఖనిలో ఆయన గురించి మంచిమాటలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక నిజం చెప్పాలి. బతికున్నన్నాళ్లూ ఆయన్ని చూసి అసూయపడ్డాను.

మేం పనిచేసే బొగ్గుగని ఫుట్‌బాల్ జట్టులో ఇద్దరమూ ఫార్వర్డులమే. ఎడమవైపు నుంచి ఉరికి నేను బంతి అందిస్తే, బావ గోల్ కొట్టేవాడు. జనం ఆయన్నే భుజాలకెత్తుకునేవాళ్లు. ఆయన వెనక్కి తిరిగి నావైపు చూసేవాడు కాదు. ఇంట్లో అమ్మ కూడా కోడికూరలో మంచి ముక్క అల్లుడికే వేసేది.

బావ ఆట మానేశాక ఆయన్నే జట్టు మేనేజర్‌ను చేశారు. మొదటి జాబితాలోనే నా పేరు తీసేసి, ఇంటికి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"బామ్మర్ది, నీ మోకాలు పోయింది. వేరేటోళ్లు చెప్పేకంటె నేనే చెప్తె మంచిదని వచ్చిన."

"నన్ను చూస్తె నీకు కండ్లమంట" అన్నాను.

ఆయన లేచి వెళ్లాడు. రెండేళ్లు మాటల్లేవు. డ్యూటీకి కూడా గ్రౌండు తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి.

ఒక సాయంత్రం వానకు ఆ చుట్టుదారి మునిగిపోయి, షిఫ్టు దిగి గ్రౌండు గోడ పక్క నుంచే రావలసి వచ్చింది. లోపల బావ తన ఆటగాళ్లకు చెబుతున్నాడు.

"గోల్ కొట్టినోడు ముందుగాల బంతి ఇచ్చినోని దగ్గరికి ఉరకాలె. నేను ఉరకలె. తల ఎత్తకుండనే బంతి ఏడ వెయ్యాల్నో మా బామ్మర్దికి ఎరుక. నేను ఏండ్లకేండ్లు నేర్సిన, నాకు రాలె. గందుకే ఆయనంటె నాకు కుళ్లు."

ఆటగాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

మర్నాడు బావ వాళ్లింటికి వెళ్లాను. "చాయ్ తాగుతవా?" అన్నాడు. తాగాను. గోడవతల నిలబడి విన్నానని చెప్పలేదు. నాకూ కుళ్లేనని అసలే చెప్పలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో చెప్పడానికి ఎన్ని సాయంత్రాలు దొరికాయో.

దహనానికి గోదావరి ఒడ్డుకు మంచిర్యాల నుంచి, గోలేటి నుంచి ఆయన శిష్యులు జట్టు దుస్తుల్లోనే వచ్చారు. నేను పోతే ఇంతమంది రారని చితి ముందు కూడా అనిపించింది. మంట తగ్గాక అందరూ స్నానాలకు నీళ్లలోకి దిగారు. ఒడ్డున ఇసుకలో వాళ్ల బూట్లు వరుసగా ఉన్నాయి. కొన్ని కొత్తవి, కొన్ని అడుగు అరిగినవి. బంతి ఇచ్చినోని దగ్గరికి ఉరకబోతున్నట్టు అన్నీ నీళ్లవైపే తిరిగి ఉన్నాయి.