బస్సు మీది కుట్టుమిషన్

నిర్మల్‌లో వడ్డీ లేని సంఘం పెట్టిన కొత్తలో గులాం దస్తగీర్ అక్కడ గుమాస్తా. పక్క కుర్చీ నాదే కాబట్టి చెబుతున్నాను, అంతటి భయస్తుణ్ణి మళ్లీ చూడలేదు. సిరాబుడ్డి కొనాలన్నా అధ్యక్షుడు హకీం సాబ్‌ను అడగాల్సిందే.

వడ్డీ ఇస్లాం మతానికి విరుద్ధం. అందుకని మనిషికి కావలసిన వస్తువును సంఘమే కొని, లాభమెంతో ముందే చెప్పి, వాయిదాల మీద అమ్మేది. వస్తువు కొన్నవాళ్ల చేతికి అందేదాకా నష్టమొస్తే సంఘానిదే.

1984లో బీడీలు చుట్టే దుర్గవ్వ చేత్తో తిప్పే కుట్టుమిషన్ ఒకటి అడిగింది. హకీం సాబ్ డబ్బు దస్తగీర్ చేతిలో పెట్టి, ఎంపికా బేరమూ అంతా నీదే, నన్నేమీ అడగొద్దన్నారు. పాపం, దస్తగీర్‌కు చెమటలు పట్టాయి.

నిజామాబాద్ వెళ్లి మంచి మిషనే కొన్నాడు. కండక్టర్ దాన్ని లోపలికి రానివ్వకపోతే నోరెత్తకుండా బస్సు పైకెక్కించి, తానే తాడు కట్టాడు. దారిలో సోన్ ఊరి దగ్గర కుదుపుకు ముడి జారింది. మిషన్ రోడ్డు మీద పడి రెండు ముక్కలైంది.

ఆ ముక్కలు పట్టుకుని దుర్గవ్వ ఇంటికి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. అతని ఉద్యోగం పోతుందని ఆమెకూ అర్థమైంది.

"నాకు ముట్టిందని రాయి సాబ్, ఏలుముద్ర ఏస్త. నెలనెలా నేనే కట్టుకుంట. నీ నౌకరి పోవద్దు."

దస్తగీర్ ఇంట్లో నలుగురు పిల్లలు. అతని స్థానంలో నేనుంటే కాగితం తీసేవాణ్ణే, సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను.

"నీకు ముట్టలే దుర్గవ్వా. పోయింది మాది. నీ దగ్గర పైస తీసుకున్నా పాపమే," అన్నాడు దస్తగీర్.

మర్నాడు సమావేశంలో, ముడి సరిగ్గా వేయనిది తానేనని లేచి చెప్పాడు. దుర్గవ్వ మాట మాత్రం దాచాడు. నేనే బయటపెట్టాను. ఒక సభ్యుడు జీతంలో కోయమన్నాడు. హకీం సాబ్ ఒప్పుకోలేదు. నష్టం సంఘమే భరించాలని రాయించి, మళ్లీ డబ్బు దస్తగీర్ ముందుకు జరిపారు. వేరెవరినైనా పంపమని అతను బతిమాలాడు.

"వేరేటోన్ని ఎందుకు పంపాలె? నిన్ను నమ్మొచ్చని ఇయ్యాల్నే తెలిసె," అన్నారు హకీం సాబ్.

ఈసారి కండక్టర్‌తో గట్టిగా పోట్లాడి, మిషన్‌కు కూడా టికెట్ తీసుకుని, దారి పొడవునా ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. తిమ్మిరెక్కిన కాళ్లతోనే దుర్గవ్వ ఇంటిదాకా మోశాడు, నేను వెంట నడిచాను. దాన్ని లోపల దించాక, గోడకు చేరగిలబడి ఏడ్చేశాడు. దుర్గవ్వ కూడా ఏడ్చింది. నాకూ ఆగలేదు.

కాసేపటికి ముఖం తుడుచుకుని లేచాడు.

"రేపు సంఘం పైసలతోని రాయమల్లుకు ఎడ్లు కొనాలె. పొద్దుగాల్నే అంగడికి పోత," అన్నాడు.