ఆకాశం కింద ఒక మనిషి

మా డ్రాయింగ్ సారు మొన్న సోమవారం పొద్దున పోయారు. వాళ్ల అమ్మాయి చిలమత్తూరు నుంచి ఫోన్ చేసి, "నాయన పోయినాడక్కా. రాత్రి బాగానే తిన్యాడు" అంది.

బడిలో ఆయన బొమ్మలు నేర్పారు గానీ నాకు చేయి తిరగలేదు. పెద్దయ్యాక కవితలు రాసి ఆయనకే చూపించేదాన్ని. కళ్లద్దాలు నొసటి మీదికి తోసి, కాగితాన్ని బొమ్మలా దూరంగా పట్టుకుని చదివేవారు.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. మా నాయన వేసిన శనక్కాయ చేను ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టకముందే ఎండిపోయింది. నేను మబ్బు మీద ఇరవై పాదాల కవిత రాసి తీసుకెళ్లాను. సారు చదివి, "మబ్బు బాగుండాది. మనిషి యాడుండాడు?" అన్నారు. కాగితం లాక్కుని వచ్చేశాను.

వారం తర్వాత ఆయనే కబురు పెట్టారు. వెళ్తే, బోరు మోటారు వచ్చిన అట్టపెట్టె ముందేసుకుని కూర్చున్నారు. దాని మీది చైనా అక్షరాలకు అర్థాలు వాళ్ల అమ్మాయి ఫోనులో వెతికి చెప్పిందట. ఒకదాన్ని బొగ్గుతో గచ్చు మీద పెద్దగా గీశారు.

"చేతులు చాపుకోని నిలబడిన మనిషి. నెత్తిన ఒక గీత. అంతా కలిపితే ఆకాశమంట. మనిషిని పెట్టకుండా ఆకాశం రాయలేకపోయినారమ్మా వాళ్లు."

ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని లేపాక్షి బస్సెక్కారు. గుడి మంటపంలో తువ్వాలు తల కింద పెట్టుకుని రాతి మీద వెల్లకిలా పడుకుని, నన్నూ పడుకోమన్నారు. పైకప్పు మీది బొమ్మలో అర్జునుడు చేతులెత్తి తపస్సు చేస్తున్నాడు. అక్కడక్కడా రంగు రాలిపోయింది.

"ఆ చేతులు చూస్తే చాలు, పైన ఏదో ఉండాదని తెలుస్తాంది" అన్నారు.

కాపలా మనిషి వచ్చి, "ఏమప్పా, ఇది పడుకునే జాగానా?" అన్నాడు.

"పడుకోలేదప్పా, చదువుతాండాము" అన్నారు సారు.

ఇంటికొచ్చి ఇరవై పాదాలూ కొట్టేశాను. ఎండిన చేలో నిలబడి పైకి చూస్తున్న మా నాయన గురించి నాలుగు పాదాలు రాశాను. అంతవరకూ ఆయన్ని అలా చూసే ధైర్యం లేకే మబ్బును పట్టుకున్నానని అప్పుడు తెలిసింది. నాయనకే వినిపించమని సారు చెబితే, చదివి వినిపించాను. నాయన, "నేనట్ల నిలబడింది నువ్వు చూసినావా?" అని మాత్రం అడిగాడు.

సోమవారం నేను చిలమత్తూరు చేరేసరికి అంతా అయిపోయింది. వాళ్ల అమ్మాయి పెరట్లో కూర్చుని సారు కుంచెలు కడుగుతోంది. "అట్లే ఎండబెడితే నాయన తిడతాడక్కా" అంది. కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు పోసింది. నేల ఒక్క గుక్కలో తాగేసింది. మట్టి మీద నీలం రంగు మాత్రం కాసేపు తడిగా నిలిచింది.