బొట్టుబిళ్ళలతో మేడం చెప్పిన పాఠం

మా ట్రైనింగ్ మేడం పోయిన సోమవారం కన్నుమూశారు. ఆమె గురించి ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. వచ్చే సోమవారం కొత్త బ్యాచ్‌కు ఆమె పాఠాన్ని, ఆమె పేరు తీసేసి చెప్పబోతున్నారు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా ఇది చదవాలి.

కబురు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని పైన మధ్యాహ్నం బిర్యానీకి ఎవరెవరు వస్తారన్న ప్రశ్న. కింద హఫీజ్‌పేట్ క్యాబ్ ఆలస్యమన్న మెసేజ్. ఆ చావు కబురు కింద వరసగా పైకెత్తిన బొటనవేళ్ళ బొమ్మలు. చూడలేక ఫోన్ బోర్లా పెట్టేశాను. సాయంత్రం సంతాపసభ పెట్టారు. ఆమె ఫొటో పక్కనే సమోసాల ట్రే. రెండు నిమిషాల మౌనం ముగియకముందే ఎవరో చట్నీ అడిగారు.

మేడం కూకట్‌పల్లిలో ఉండేవారు. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాక మా ఆఫీసుకు వచ్చారు. హైటెక్ సిటీలో మందుల కంపెనీలకు కాగితాలు రాసిపెట్టే ఆఫీసు మాది. కొత్తగా చేరినవాళ్ళకు శరీరం ఎలా పనిచేస్తుందో ఆమే చెప్పేవారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతన్నీ, నన్నూ, డైరెక్టర్‌నూ ఒకేలా "ఏవండీ" అని పిలిచేవారు. క్లాసు అయ్యాక బోర్డు తానే తుడిచి, కుర్చీలు మాచేత సర్దించేవారు. "మన చెత్త మనమే తీద్దామండీ. తుడిచేవాళ్ళకీ నడుములుంటాయి" అనేవారు. మా అమ్మ శేరిలింగంపల్లిలో ఒక ఆఫీసులో నేల తుడుస్తుందని అప్పటికి ఆమెకు తెలియదు.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. ఆఫీసులో చేరిన మొదటి వారమంతా ఎవరు ఏది చెప్పినా తలూపేదాన్ని. మేడం కనిపెట్టారు. లిఫ్టు దగ్గర ఆపి మెల్లగా అన్నారు: "తెలియదనడం సిగ్గు కాదండీ. తెలిసినట్టు తలూపడం సిగ్గు."

మన రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల గుంపు ఉంటుంది. అది క్రిముల మీదికి వెళ్ళడానికి మూడు దారులు. వాటిలో ప్రత్యామ్నాయ దారి గురించి చెప్పే రోజు మేడం సంచీలోంచి ఎర్ర బొట్టుబిళ్ళల అట్టలు తీశారు.

"ఇవి సీ3 ముక్కలండీ. సీ3 అనే ప్రొటీన్ ఎవరూ పిలవకుండానే, రక్తంలోని నీటితో కలిసి కొంచెం కొంచెంగా తెరుచుకుంటూనే ఉంటుంది. యాంటీబాడీ వచ్చి తలుపు తట్టక్కర్లేదు. దాంతో మరికొన్ని సీ3లు తెగుతాయి. తెగిన ముక్క పక్కన ఏది దొరికితే దానికి అంటుకుంటుంది. మనదా పరాయిదా అని చూడదు. కానివ్వండి, అంటించండి!"

కుర్చీలకు, నీళ్ళ సీసాలకు, ఒకరి నుదుట ఒకరం అంటించాం.

"మేడం, మీకు గూడ జర పెట్టాల్నా?" అంది నా పక్కనున్న అమ్మాయి.

"నేను ఇంట్లోనే పెట్టుకొచ్చానండీ. ఆ గడియారానికి పెట్టండి."

కుర్చీ ఎక్కి గోడగడియారం అద్దానికి నేనే అంటించాను.

తర్వాత మెడలో ఐడీ కార్డు ఉన్నవాళ్ళ బొట్లు తీసేయమన్నారు. మన కణాల మీద కూడా అలాంటి గుర్తులుంటాయట. ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రొటీన్ వాటిని గుర్తుపట్టి, ఇంకో ఎంజైముతో కలిసి అక్కడ అంటుకున్న ముక్కను పనికిరాకుండా చేస్తుంది. కార్డు లేని సీసాల మీద బొట్లు నిలిచిపోయాయి. క్రిమి ఒంటి మీద అలా నిలిచిన ముక్క దగ్గరికి ఫ్యాక్టర్ బి అనే ఇంకో ప్రొటీన్ వచ్చి చేరుతుంది. ఆ బిని ఫ్యాక్టర్ డి కోస్తుంది. అప్పుడు సీ3 ముక్కా, బి ముక్కా కలిసిన ఆ జంటే ఒక కత్తెర అవుతుంది. అది ఊడిపోకుండా ప్రాపర్డిన్ అనే ప్రొటీన్ పట్టుకుంటుంది. ఆ కత్తెర మరిన్ని సీ3లను కోస్తుంది, మరిన్ని బొట్లు పడతాయి. చూస్తుండగానే ఒక సీసా నిండా ఎర్రబడింది.

"ఒక్కటి అంటుకుని నిలిస్తే చాలండీ. మిగతావి అవే వస్తాయి" అన్నారు మేడం.

ఆ తర్వాత ప్రతి ఒక్కరి నోట్‌బుక్ చివరి పేజీలో ఆ చక్రాన్ని తన చేత్తో గీసి, మధ్యలో ఒక బొట్టు అంటించి, కింద సంతకం పెట్టారు. ప్రతి బ్యాచ్‌కూ అలాగే చేసేవారు. వెళ్ళేముందు గదిలో బొట్లన్నీ మాచేతే తీయించారు. గడియారం సంగతి అందరం మరిచిపోయాం.

సంతాపసభ మర్నాడే మా టీమ్ లీడ్ కొత్త స్లయిడ్లు చూపించాడు. పాఠం మేడందే, వాక్యాలూ ఆమెవే. పేరుండే చోట మాత్రం అతని పేరు ఉంది. పైగా యాంటీబాడీతో మొదలయ్యే వేరే దారి బొమ్మను కాపీ చేసి, దీనికీ మొదటి మెట్టుగా యాంటీబాడీని పెట్టాడు. ఈ దారిని ఆపే మందుల గురించి కాగితాలు రాసేది మేమే. తప్పు నేర్చుకున్నవాళ్ళు తప్పే రాస్తారు. దాన్ని నమ్మి ఎవరో ఒక రోగికి మందిస్తారు.

"అందరికి సమజైంది గదా?" అన్నాడు.

నేను తలూపాను.

బొటనవేళ్ళ మీద, సమోసాల మీద కలిగిన అసహ్యం అంతా తిరిగి నా మీదికే వచ్చింది. ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. లిఫ్టు దగ్గర మేడం అన్న మాట ఆమెకూ తెలుసు.

"తప్పని తెల్సి గూడ తలూపినవా? ఏందే గిట్ల! గా మేడం నీకు ఊకెనే చెప్పిందా?" అంది.

మర్నాడు వెళ్ళి టీమ్ లీడ్‌కు తప్పు సంగతీ, పేరు సంగతీ చెప్పాను.

"తప్పుంటే దిద్దుత తియ్. గని మేడం పేరెందుకు? గిది ఆమె పాఠమని ఏముంది?"

నా నోట్‌బుక్ చివరి పేజీ తెరిచి ముందు పెట్టాను.

"ఒక్కటేనా? నువ్వే గీసుకున్నవంటరు. ఇంకెవరన్న తెస్తే అప్పుడు జూద్దాం. ఇగ పరేషాన్ గాకు" అని నవ్వాడు.

నిన్న ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. గడియారం మీద నాలుగు అంకె కింద ఎర్రబొట్టు ఇంకా ఉంది. పెద్దముల్లు కాసేపు దాని వెనక్కి వచ్చింది, మళ్ళీ తన దారిన వెళ్ళింది.

మీ నోట్‌బుక్ ఏ పెట్టె అడుగున ఉన్నా తీయండి. ఆ చివరి పేజీ ఫొటో ఈ ఆదివారం సాయంత్రంలోగా నాకు పంపండి. బొట్టు రాలిపోయి ఉంటే, అది అంటుకున్న చోట మిగిలిన జిగురు మరకైనా సరే.