కాయలున్న కంప

మేకలున్న ఇంట్లో పుట్టినవాడు చేయకూడని తప్పు నేను చేశాను. మేకలకు విస్తరి వేశాను, అదీ గోతి మీద.

మా కడప గుట్టల్లో ముగ్గురాయి కోసం ఎప్పుడో తవ్వి వదిలేసిన నిలువు గనులున్నాయి. లోతు తెలియదు, చుట్టూ కంచె లేదు. వాటి నోళ్లు మూయించే పనికి నేను సూపర్‌వైజరును. రాళ్లతో నింపి, పైన సిమెంటు పలక పోయాలని కాగితం మీద ఉంది. చివరి గోతి దగ్గరికి ట్రాక్టరు ఎక్కలేదు.

"ఇప్పటికి కంపేసి ఫోటో పంపప్పా. ఫోటో చాలు," అన్నాడు మా ఇంజినీరు.

చేని గండికి కంప అడ్డం వేయడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఫోటోలో నిండుగా కనబడాలని కాయలు విరగకాసిన సర్కారు తుమ్మ కొమ్మలే ఏరి కొట్టించాను. ఆ కాయలంటే మేకలు ప్రాణం పెడతాయని తెలిసి కూడా. 'మూసివేయడమైనది' అని రాసి సంతకం చేసిందీ నేనే. నా దస్తూరి బాగుంటుందని పేరు.

నాలుగో రోజు కింది పల్లె అవ్వ పరుగున వచ్చింది. ఆమెకున్నవి మూడు మేకలు. అందులో చూలుమేక కాయల కోసం కంప మీద కాలు పెట్టి లోపలికి పోయింది. నేను వెళ్లేసరికి ఇంకా అరుస్తోంది.

"తాడు కట్టి నన్ను దింపప్పా. నేను శానా తేలిక."

"లోపల గాలి చెడిపోయుంటాదవ్వా. దిగినోళ్లు మళ్లీ రారు."

"అంత తెలిసినోడివి కంపేస్తివా?"

ఆమె చెయ్యి వదలకుండా దూరంగా కూర్చోబెట్టాను. ఫైరింజను వాళ్లు గుట్ట ఎక్కేలోపే అరుపు ఆగిపోయింది.

తర్వాత ఆమెకు ఒక మేకను కొనిచ్చాను. "మంచిదే. కానీ పిలిస్తే రాదు," అంది.

ఆ గోతికి తట్టల్లో రాళ్లు మోయించి, పలక పోయించాను. ఈ ఉపాయం మొదటే తట్టలేదు నాకు.

పలక గట్టిపడ్డాక ఇంజినీరు వచ్చి అంచు దగ్గరే ఆగాడు. "గట్టిగానే ఉండాదా?"

"నడిమికి పోండి సార్. ఫోటో చాలు కదా."

రెండడుగులు వేసి నిలబడ్డాడు. మేకల్ని వదిలి అవ్వ కూడా వచ్చింది.

"ఇంగొంచెం నడిమికప్పా," అంది.

పోయాడు. చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. నేను ఫోను కెమెరా అద్దాన్ని చొక్కాకు తుడిచాను. మళ్లీ తుడిచాను. నెత్తిన ఎండ మండిపోతోంది. వెలుతురు చాలడం లేదన్నాను.